చిన్న డర్ట్ బైక్ నుంచి పెద్ద బండికి మారాలంటే

నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డర్ట్ బైక్ మీద పొరపాటున రేజ్ ఎక్కువ ఇచ్చారనుకోండి. ఇంజిన్ గోల పెడుతుంది, బండి కాస్త ముందుకు ఉరుకుతుంది, అంతే. అదే పొరపాటు 250 సీసీ మోటోక్రాస్ (మట్టి ట్రాకు మీద జంపులతో సాగే రేసు) బండి మీద చేస్తే ముందు చక్రం ముఖం దాకా లేస్తుంది. చాలామంది పెద్ద బండి టాప్ స్పీడు చూసి భయపడతారు. నిజానికి మొదటి నెలలో ఇబ్బంది పెట్టేది మొదటి, రెండో గేర్లే. మలుపు తిరిగి బయటికి వచ్చేటప్పుడు కుడి మణికట్టు కొంచెం ఎక్కువ తిరిగితే చాలు. బండి ఎంచుకోవడం, దాన్ని సెట్ చేసుకోవడం, ప్రాక్టీసు చేయడం, మూడూ ఆ మణికట్టును గుర్తుపెట్టుకునే చేయాలి.

సీసీ చూసి కొనొద్దు

హోండా సీఆర్ఎఫ్250ఎఫ్, సీఆర్ఎఫ్250ఆర్ తీసుకోండి. రెండూ 249 సీసీయే, పేరులో తేడా ఒక్క అక్షరం. మొదటిది గాలికి చల్లబడే ట్రైల్ బండి, అంటే మట్టి బాటల్లో సరదాగా తిరగడానికి చేసింది. సీటు ఎత్తు సుమారు 880 మి.మీ., బరువు 120 కిలోలు. రెండోది అచ్చంగా రేసు బండి. రేడియేటర్లు ఉంటాయి, సీటు సుమారు 960 మి.మీ. ఎత్తులో ఉంటుంది, బరువు 105 కిలోల దరిదాపు, పవర్ మొదటిదానికి సుమారు రెట్టింపు. పదిహేను కిలోలు తక్కువ తూగుతూ రెట్టింపు లాగుతుంది కాబట్టి రెంటికీ నడిపే తీరులో పోలికే ఉండదు. "నేను 250 నడిపాను" అనే మాటకు ఏ 250 అన్నది తేలితే గానీ విలువ లేదు.

టూ-స్ట్రోక్ వస్తే లెక్క ఇంకా మారుతుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ పేలుడు జరుగుతుంది, ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. అందుకే ప్రపంచ మోటోక్రాస్‌లో ఎంఎక్స్2 తరగతిలో 125 టూ-స్ట్రోక్‌నీ 250 ఫోర్-స్ట్రోక్‌నీ ఒకే గాటన కడతారు. 1998లో యమహా వైజెడ్400ఎఫ్, 2001లో వైజెడ్250ఎఫ్ వచ్చాక ఫోర్-స్ట్రోక్‌లు ఈ ఆటలో నిలదొక్కుకున్నాయి, అప్పటి నుంచి కొనేవాళ్లను ఈ అంకెలు తికమక పెడుతూనే ఉన్నాయి.

పవర్ ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ వస్తుందన్నది ముఖ్యం. 125 మోటోక్రాస్ టూ-స్ట్రోక్ కింది ఆర్‌పీఎమ్‌లో నిద్రపోతున్నట్టు ఉంటుంది, 8,000 దాటగానే ఒక్కసారిగా లాగుతుంది. 250 ఫోర్-స్ట్రోక్ కింది నుంచి పై దాకా ఏకధాటిగా లాగుతుంది, కానీ రేజ్ వదలగానే ఇంజిన్ బ్రేక్ గట్టిగా పడుతుంది. అడవి బాటల కోసం చేసిన 300 టూ-స్ట్రోక్, ఉదాహరణకు కేటీఎమ్ 300 ఎక్స్‌సీ-డబ్ల్యూ, పేరుకు పెద్దదే గానీ కింది ఆర్‌పీఎమ్‌లోనే నెమ్మదిగా, బలంగా లాగుతుంది. చాలామందికి 125 మోటోక్రాస్ కంటే ఇదే మచ్చికవుతుంది.

ఇప్పుడు మీ దగ్గర 110, 125, 140 తరగతి బండి (సీఆర్ఎఫ్125ఎఫ్, టీటీ-ఆర్125ఎల్ఈ, కేఎల్ఎక్స్140ఆర్ లాంటివి) ఉంటే, కేఎల్ఎక్స్230ఆర్, టీటీ-ఆర్230, సీఆర్ఎఫ్250ఎఫ్ తరగతి తరవాతి మెట్టు. పద్ధతి అదే, సైజు పెద్దది. ఇప్పటికే 230 తరగతి నడుపుతుంటే, మీరు తిరిగేది కొండలూ అడవి బాటలూ అయితే ఎండ్యూరో రకం 250 ఫోర్-స్ట్రోక్ (వైజెడ్250ఎఫ్ఎక్స్, సీఆర్ఎఫ్250ఆర్ఎక్స్), లేదా 150 నుంచి 300 దాకా ఎండ్యూరో టూ-స్ట్రోక్ చూడండి. ట్రాకులూ జంపులే మీ ఆట అయితే వైజెడ్250ఎఫ్ లాంటి మోటోక్రాస్ 250, లేదా 125 టూ-స్ట్రోక్. ఈ రెంటిలో నేర్చుకోవడానికి మా ఓటు 125కే. ఆర్‌పీఎమ్‌ను పైన నిలబెట్టడం, క్లచ్‌ను వేలితో ఆడించడం, మలుపులో వేగం చంపుకోకపోవడం అది తప్పనిసరిగా నేర్పిస్తుంది. 450 వైపు మాత్రం ఇప్పుడు చూడొద్దు. చవగ్గా దొరికిందని, మనం బరువున్నాం కదా అని 450 కొన్నవాళ్లు ఏళ్ల తరబడి సగం రేజ్‌తోనే నడుపుతారు. సగం రేజ్‌తో నడిపినన్నాళ్లూ కొత్తగా వచ్చే విద్య తక్కువ.

పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. 65, 85 సీసీ మోటోక్రాస్ టూ-స్ట్రోక్‌లు ఆకారానికి చిన్నవి, తీరుకు అసలు సిసలు రేసు బండ్లు. సెంట్రిఫ్యూగల్ క్లచ్ (చేత్తో నొక్కక్కర్లేకుండా దానంతట అదే పనిచేసేది) ఉన్న 110 నుంచి పిల్లవాడిని నేరుగా 85 మీద కూర్చోబెట్టొద్దు. మధ్యలో చేతి క్లచ్ ఉన్న 125 ఫోర్-స్ట్రోక్ మీద ఒక సీజన్ తిరగనివ్వండి. క్లచ్ అలవాటు లేని చేతికి 85 పవర్ ఇస్తే రెండూ ఒకేసారి నేర్చుకోవాలి, రెండూ సగమే వస్తాయి.

మీరు సిద్ధమేనా

ఎన్నేళ్లుగా నడుపుతున్నారన్న లెక్క దీనికి పనికిరాదు. ఇప్పుడున్న బండి మీదే ఈ పనులు చేసి చూడండి. మీ మామూలు దారిలో మూడో గేర్‌లో రేజ్ పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఇచ్చేదంతా వాడుకుంటున్నారా? ఇంకా సగంలోనే వదిలేస్తున్నారంటే బండి దగ్గర ఇంకా మిగిలి ఉంది. హ్యాండిల్ చివరి దాకా తిప్పి, కాలు కింద పెట్టకుండా రెండు వైపులా ఎనిమిది అంకె వేయగలరా? పది మీటర్ల దూరాన్ని క్లచ్, వెనక బ్రేకు సాయంతో పది సెకన్లకు తగ్గకుండా నెమ్మదిగా దాటగలరా? ఎత్తు మధ్యలో బండి ఆగిపోతే దొర్లకుండా నిలిపి మళ్లీ కదిలించగలరా? ముందు బ్రేకును ఒక్క వేలితో, చక్రం లాక్ కాకుండా, గట్టిగా వాడగలరా?

క్లచ్, బ్రేకు పరీక్షల్లో తడబడితే ఇంకో నెల ఆగండి. పవర్ ఎక్కువైన బండి మీద మిమ్మల్ని కాపాడేవి ఆ రెండే. మిగతావి దారిలో వస్తాయి.

రెండో వైపు, బండే మీకు చాలడం లేదనడానికి గుర్తులు వేరే ఉంటాయి. నిలబడి తిరుగుతుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగలడం, చిన్న జంపుకే ముందూ వెనకా సస్పెన్షన్ అడుగంటడం (పూర్తిగా నొక్కుకుపోయి కింద తగలడం), ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ తగ్గించి పూర్తి రేజ్ ఇచ్చినా ఊపిరాడకపోవడం లాంటివి. వీటిలో అడుగంటడం ఒక్కటే మీ బాధ అయితే బండి మార్చకముందు స్ప్రింగులు మార్చి చూడండి. ట్రైల్ బండ్ల స్ప్రింగులు మెత్తనివి. మీ బరువుకు తగ్గ ఫోర్క్ స్ప్రింగులు, షాకబ్జార్బర్ స్ప్రింగు వేస్తే అదే బండి ఇంకో ఏడాది హాయిగా నడుస్తుంది.

పాత బండి కొనేటప్పుడు

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ పైపు దగ్గర చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడంలో ఏదో మొరాయింపు ఉండి, దాన్ని దాస్తున్నారని అనుమానించాల్సిందే. రేసు ఫోర్-స్ట్రోక్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి సతాయిస్తోందంటే చాలాసార్లు వాల్వు గ్యాప్ (వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) మూసుకుపోయి ఉంటుంది.

తరవాత సీటు తీసి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగండి. ఫిల్టర్ వెనక, ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటిందా, ఆ ఇంజిన్ ఇసుక తిన్నది. పిస్టన్, రింగులు, వాల్వులు ఎంత మిగిలాయో చెప్పలేం. పైన ఎన్ని కొత్త స్టిక్కర్లు ఉన్నా అక్కడే వదిలేసి రావచ్చు. బండి గురించి ఇంత నిజం చెప్పే చోటు ఇంకోటి లేదు.

ఇక మిగతావి. బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రాన్ని పైకీ కిందికీ ఆడించండి. లింకేజ్ (వెనక షాకబ్జార్బర్‌ను స్వింగార్మ్‌కు కలిపే జాయింట్లు) బేరింగులు అరిగితే టక్‌టక్‌మని తెలుస్తుంది. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) పట్టుకుని పక్కకు లాగండి. ముందు ఫోర్కులు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే స్టీరింగ్ బేరింగులు లూజుగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వెనక్కి లాగి చూడండి. పన్ను సగం కనిపించేంత లేస్తే చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాల్సిందే. ఫోర్కు గొట్టాల మీద నూనె చెమ్మ ఉంటే సీళ్లు పోయాయి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు తీసి, ఇంజిన్ ఆన్‌లో కూలెంట్‌లో బుడగలు వస్తున్నాయా చూడండి. ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. పొగ నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, తెల్లగా దట్టంగా ఉండి ఇంజిన్ వేడెక్కినా తగ్గకపోతే కూలెంట్ కాలుతోంది. టూ-స్ట్రోక్‌లో కొంత పొగ సహజం, దానికి కంగారు పడక్కర్లేదు.

ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) కొలిపించాలనుకుంటే టూ-స్ట్రోక్‌కు మామూలు గేజ్ సరిపోతుంది. రేసు ఫోర్-స్ట్రోక్‌లో స్టార్టింగ్ సులువు కావడానికి ఆటోమేటిక్ డీకంప్రెషన్ ఉంటుంది, అది వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది కాబట్టి గేజ్ తక్కువ చూపిస్తుంది. దానికి లీక్-డౌన్ టెస్ట్, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే పరీక్ష, చేయించాలి. అందులో గాలి ఎక్కడి నుంచి కారుతోందో చెవితోనే తెలుస్తుంది. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ బాక్సులో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు.

ఎన్ని గంటలు తిరిగిందని అడిగితే అవర్ మీటర్ లేకుండా చెప్పే అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. పిస్టన్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే, కొన్న వెంటనే మార్చాల్సి ఉంటుందనే లెక్కతోనే బేరం ఆడండి.

ఎక్కకముందే బండిని మీకు సరిపోయేలా చేసుకోండి

సీటు ఎత్తు చూసి దిగులు పడేవాళ్లే ఎక్కువ. మోటోక్రాస్ బండి మీద రెండు పాదాలూ నేలకు ఆనాలనే ఆశ వదులుకోండి. ఒక వైపు కొద్దిగా ఒరిగి ముందు పాదం ఆనితే చాలు. మరీ అందకపోతే సీటు ఫోమ్ 20 నుంచి 30 మి.మీ. చెక్కించడం మొదటి మార్గం. లోయరింగ్ లింక్ వేస్తే వెనక భాగం కిందికి దిగి స్టీరింగ్ బద్ధకంగా తయారవుతుంది. దాన్ని సరిచేయడానికి ఫోర్కులను క్లాంపుల్లో కొన్ని మి.మీ. పైకి జరపాలి. ప్రీలోడ్ (స్ప్రింగు మీద ముందే ఉండే బిగింపు) వదులు చేసి ఎత్తు తగ్గించడం మాత్రం వద్దు, అది సస్పెన్షన్ మొత్తాన్ని పాడుచేస్తుంది.

క్లచ్, బ్రేకు లీవర్లను నేలకు సమాంతరం కంటే కొంచెం కిందికి వంచండి. నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా వేలు నేరుగా లీవర్ మీద పడాలి. లీవర్ బిగింపులను పూర్తిగా బిగించకండి. పడినప్పుడు తిరిగితే లీవర్ మిగులుతుంది, తిరగకపోతే విరుగుతుంది.

ఇప్పుడు అసలు పని, శాగ్ కొలవడం, అంటే బరువుకు వెనక సస్పెన్షన్ ఎంత కుంగుతుందో చూడటం. పెద్ద బండి కొన్న వాళ్లలో ఎక్కువమంది వదిలేసేది ఇదే, బండి మాట వినట్లేదని ఎక్కువమంది తిట్టుకునేదీ దీనివల్లే. ఒక టేపు, ఒక మనిషి సాయం ఉంటే అరగంట పని.

1. బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రం గాల్లో ఉండేలా చూడండి. వెనక యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైకి, వెనక మడ్‌గార్డు మీద పెన్నుతో పెట్టిన గుర్తు దాకా కొలవండి. అది 610 మి.మీ. వచ్చిందనుకుందాం.

2. బండిని నేల మీదికి దింపి, రెండు మూడుసార్లు నొక్కి వదిలి, ఎవరూ ఎక్కకుండా మళ్లీ కొలవండి. 575 వచ్చిందంటే ఖాళీ శాగ్ 35 మి.మీ.

3. హెల్మెట్, బూట్లు, గార్డులన్నీ వేసుకుని ఎక్కి, ఫుట్‌పెగ్గుల మీద నిలబడి రెండుసార్లు ఊగి, మామూలుగా కూర్చునే చోట కూర్చోండి. తోడున్న మనిషి కొలవాలి. 505 వచ్చిందంటే రైడర్ శాగ్ 105 మి.మీ.

పెద్ద సైజు మోటోక్రాస్ బండ్లకు రైడర్ శాగ్ 100 నుంచి 105, ఖాళీ శాగ్ 30 నుంచి 40 మి.మీ. మధ్య ఉంటే బాగుంటుంది. లింకేజ్ లేని కేటీఎమ్ బండ్లకు రైడర్ శాగ్ కొంచెం ఎక్కువ, 110 దగ్గర పెట్టుకుంటారు. రైడర్ శాగ్ ఎక్కువ వస్తే షాకబ్జార్బర్ పైనున్న రింగును బిగించండి, తక్కువ వస్తే వదులు చేయండి. లింకేజ్ బండిలో ఒక పూర్తి చుట్టుకు శాగ్ సుమారు 3 మి.మీ. మారుతుంది. రింగు తిప్పేముందు దాని మరలను కడిగి నూనె వేయండి, మట్టి ఉండగా తిప్పితే మరలు చితుకుతాయి.

ఇక్కడ చాలామందికి తలకిందులుగా అనిపించే సంగతి ఒకటి ఉంది. రైడర్ శాగ్ 105కి తెచ్చాక ఖాళీ శాగ్ 15 మాత్రమే వచ్చిందనుకోండి. చూడటానికి స్ప్రింగు గట్టిదిలా ఉంటుంది, నిజానికి అది మీ బరువుకు మెత్తనిది. మెత్తని స్ప్రింగుతో మిమ్మల్ని మోయించడానికి రింగును బాగా బిగించారు, ఆ బిగింపు వల్ల మీరు దిగగానే అది బండిని పూర్తిగా పైకి తోసేస్తోంది. ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. ఖాళీ శాగ్ 50 వస్తే దానికి ఎదురు, స్ప్రింగు మీకు గట్టిది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా 250 బండ్ల స్ప్రింగులు సుమారు 70 నుంచి 80 కిలోల మనిషికి సరిపోతాయి. మీరు 60 అయినా 95 అయినా రింగు తిప్పి సరిపెట్టుకోలేరు, స్ప్రింగు మార్చాలి. పెద్ద బండి మీద మొదట పెట్టే ఖర్చు ఇదే కావాలని గట్టిగా చెబుతాం. సైలెన్సర్ తరవాత కొనుక్కోవచ్చు.

క్లిక్కర్లకు, అంటే సస్పెన్షన్ కదిలే వేగాన్ని సర్దే స్క్రూలకు, కంగారు వద్దు. కంప్రెషన్ (నొక్కుకునే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం) స్క్రూలను కుడివైపు మెల్లగా ఆగేదాకా తిప్పి, ఎన్ని క్లిక్కులు పట్టాయో రాసుకుని, మళ్లీ అన్నే వెనక్కి తిప్పండి. ఇప్పుడు అసలు సెట్టింగ్ మీ దగ్గర రాతలో ఉంది. ఒకసారికి ఒక్క స్క్రూ, రెండే క్లిక్కులు మార్చి అదే దారిలో తిరిగి చూడండి. గుంతల వరసలో వెనక భాగం తన్నుతోంటే రీబౌండ్ బిగించండి. వరసగా గుంతలు తగిలేకొద్దీ బండి కిందికి కుంగిపోతుంటే రీబౌండ్ మరీ నెమ్మదైంది, వదులు చేయండి.

పవర్‌ను కొంచెం మచ్చిక చేయండి

ఎలక్ట్రానిక్ మ్యాపులు (ఇంజిన్ పవర్ ఇచ్చే తీరును మార్చే సెట్టింగులు) ఉన్న బండి అయితే నెమ్మది మ్యాపులో పెట్టి మొదలుపెట్టండి. సీఆర్ఎఫ్250ఆర్‌లో హ్యాండిల్ మీద బటన్ ఉంటుంది. వైజెడ్250ఎఫ్‌లో 2019 నుంచి మ్యాపును ఫోనుతోనే మార్చుకోవచ్చు. ఇవి లేని బండికి నెమ్మదిగా తెరుచుకునే థ్రాటిల్ క్యామ్ వేస్తే మొదటి పావు తిప్పులో పవర్ సాఫీగా వస్తుంది. టూ-స్ట్రోక్‌కు అయితే ఫ్లైవీల్ బరువు పెంచడం మంచి ఉపాయం. ఒక్కసారిగా ఆర్‌పీఎమ్ ఎగరదు, కింద నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజిన్ ఆగిపోవడమూ తగ్గుతుంది.

గేరింగ్ సంగతి. మొదటి గేర్ మరీ గుంజుతోంది, రెండో గేర్‌లో నెమ్మది మలుపుల దగ్గర ఇంజిన్ ఆగిపోతోంది అంటే వెనక స్ప్రాకెట్‌కు ఒకటి రెండు పళ్లు పెంచండి. అప్పుడు రెండో గేర్ అన్నిచోట్లా పనికొస్తుంది, మొదటి గేర్ జోలికి వెళ్లక్కర్లేదు. 13/50 (ముందు 13, వెనక 50 పళ్లు) ఉన్న బండి నిష్పత్తి 3.85. 13/52 చేస్తే 4.00. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గిస్తే వెనక నాలుగు పెంచినంత పని, 12/50 అంటే 4.17. అందుకే ముందు దాన్ని ముట్టుకునేముందు ఆలోచించండి. వెనక ఒక్కో పన్ను పెంచితే యాక్సిల్ సుమారు 4 మి.మీ. ముందుకు జరుగుతుంది, సర్దుబాటులో అంత చోటు ఉందో లేదో చూసుకోండి.

మొదటి పది గంటలు

మొదటి గంట ఖాళీగా, చదునుగా ఉన్న మైదానంలో. పదిహేను నిమిషాలు నడిపి, పది నిమిషాలు ఆపండి. చేతులు అలసిపోయాక పెద్ద బండి మీద నేర్చుకునేది ఏమీ ఉండదు, పడటం తప్ప. ముప్పై మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి చుట్టూ తిరగండి, రెండో గేర్‌లోనే. కదిలేటప్పుడు, ఆగేటప్పుడు, మలుపులో, ఎప్పుడూ ఎడమచేతి చూపుడు వేలు క్లచ్ మీద ఉండాలి. ఈ ఒక్క అలవాటు మిగతా అన్నింటికంటే విలువైనది.

ఎందుకంటే పెద్ద బండి మీద పడేవాళ్లు పడే తీరు ఇది. రేజ్ ఇవ్వగానే బండి ఒక్కసారి ముందుకు లాగుతుంది. శరీరం వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ పట్టుకున్న చేయి శరీరంతో పాటు వెనక్కి వెళ్తూ గ్రిప్‌ను ఇంకా తిప్పుతుంది. బండి ఇంకా లాగుతుంది, చేయి ఇంకా తిరుగుతుంది. ఆ క్షణంలో రేజ్ వదలాలన్న ఆలోచన వచ్చినా చేయి వదలదు, ఎందుకంటే అదే మిమ్మల్ని బండి మీద నిలబెడుతోంది. ఎడమ వేలు క్లచ్ మీద ఉంటే మాత్రం లాగేయగలరు, పవర్ అక్కడికక్కడే తెగిపోతుంది. ఈ చిక్కు రాకుండా ఉండాలంటే గ్రిప్ పట్టుకునేటప్పుడే మణికట్టు కొంచెం పైకి ఉండేలా, మోచేతులు బయటికి ఎత్తి పట్టుకోండి. బరువు హ్యాండిల్ మీద కాక మోకాళ్లతో ట్యాంకు దగ్గర నొక్కిన పట్టు మీద ఉండాలి. ముంజేతులు రాయిలా బిగుసుకుపోతున్నాయంటే మోకాళ్లు పనిచేయడం లేదన్నమాట.

రెండో, మూడో గంటల్లో బ్రేకులు. మూడో గేర్ వేగం నుంచి ఒకే గుర్తు దగ్గర ఆగడం ప్రాక్టీసు చేయండి, మొదట వెనక బ్రేకుతో, తరవాత ముందు బ్రేకును క్రమంగా పెంచుతూ. కొత్త బండి ముందు డిస్కు పాత దానికంటే చాలా చురుకు, పాత అలవాటుతో నొక్కితే మలుపులో ముందు చక్రం జారుతుంది. ఫోర్-స్ట్రోక్ నుంచి టూ-స్ట్రోక్‌కు వచ్చినవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రేజ్ వదిలితే బండి తగ్గుతుందని లెక్కేసుకుంటారు, టూ-స్ట్రోక్‌లో ఇంజిన్ బ్రేక్ దాదాపు ఉండదు. దిగుడులో ఇది మొదటిసారి తెలియడం మంచిది కాదు, మైదానంలోనే తెలుసుకోండి.

నాలుగో గంట నుంచి తెలిసిన దారిలో, మీ పాత వేగంతోనే. వేగం పెంచాలని అనిపిస్తుంది, బండి మిమ్మల్ని పెంచమంటుంది కూడా. ఒక గేర్ ఎక్కువలో పెట్టి తక్కువ ఆర్‌పీఎమ్‌తో నడపండి. వెనక చక్రం జారడం ఎలా మొదలవుతుందో, ఎంత రేజ్‌కు ఎంత లాగుతుందో మణికట్టుకు అర్థం కావాలి. జంపులు ఆరో గంట దాటాకే, అవీ పాత బండి మీద మీకు అలవాటైన చిన్న బల్ల జంపులు (పైభాగం చదునుగా ఉండేవి). పెద్ద బండి అదే వేగంలో ఎక్కువ దూరం ఎగురుతుంది, కాబట్టి మొదటిసారి దొర్లించి దాటండి, తరవాత కొద్దికొద్దిగా వేగం పెంచండి.

టైర్ గాలి 12 నుంచి 14 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టండి. పాత ట్రైల్ బండికి కొట్టినట్టు ఎక్కువ కొడితే మట్టి మీద పట్టు పోతుంది. రాళ్ల దారి అయితే కొంచెం ఎక్కువ ఉంచుకోండి.

ఇక బండి మీ నుంచి అడిగేవి

ట్రైల్ బండికి ఏడాదికోసారి ఆయిల్ మార్చి సరిపెట్టుకున్న అలవాటుతో రేసు ఇంజిన్‌ను ఉంచుకుంటే అది మిమ్మల్ని దారి మధ్యలో దింపేస్తుంది. అవర్ మీటర్ బిగించడం మొదటి పని. 250 ఫోర్-స్ట్రోక్‌లో ఆయిల్ లీటరు చుట్టుపక్కలే పడుతుంది, 14,000 ఆర్‌పీఎమ్‌కు చేరువగా తిరిగే ఇంజిన్‌లో అది త్వరగా చెడిపోతుంది. ఐదారు గంటలకోసారి మార్చండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ములో తిరిగిన ప్రతిసారీ కడిగి, ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అంచుకు గ్రీజు రాసి పెట్టండి.

వాల్వు గ్యాప్‌ను ట్రైల్ బండ్లలో ఎక్కువగా స్క్రూతో సర్దుతారు, రేసు బండిలో షిమ్ అనే చిన్న బిళ్ల మార్చాలి. వాల్వు కూర్చునే అంచు అరిగేకొద్దీ వాల్వు పైకి వచ్చి గ్యాప్ తగ్గుతుంది. సున్నా అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, స్టార్టింగ్ సతాయిస్తుంది. పదిహేను గంటలకోసారి కొలవండి. ఒకసారి బిళ్ల మార్చి సర్దాక మళ్లీ త్వరలోనే గ్యాప్ తగ్గితే ఇంకో బిళ్లతో నెట్టుకురావద్దు, వాల్వులు మార్చే వేళయింది. పిస్టన్ ఎన్ని గంటలకు మార్చాలో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. రేసు లేకుండా సరదాగా తిరిగేవాళ్లు 250 ఫోర్-స్ట్రోక్‌కు 40 నుంచి 50 గంటలు, 125 టూ-స్ట్రోక్‌కు 20 నుంచి 30 గంటలు లెక్క పెట్టుకుంటారు. టూ-స్ట్రోక్ పిస్టన్ పని ఇంట్లో ఒక మధ్యాహ్నం చేసుకోవచ్చు. ఫోర్-స్ట్రోక్ పిస్టన్ విరిగేదాకా ఆగితే సిలిండర్, హెడ్, కొన్నిసార్లు క్రాంక్‌కేసు కూడా పోతాయి.

టూ-స్ట్రోక్ కొంటే, ఆయిల్‌ను తనే కలుపుకునే బండి కాకపోతే, పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మరవొద్దు. నిష్పత్తి మాన్యువల్ చెప్పిందే వాడండి. ఐదు లీటర్లకు 32:1 అంటే 156 మి.లీ., 40:1 అంటే 125, 60:1 అంటే 83. కలిపిన డబ్బా మీద నిష్పత్తీ తేదీ రాసి పెట్టండి. ఉత్త పెట్రోల్ పోసి తిప్పితే ఇంజిన్ సీజ్ కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

చైన్ విషయంలో పాత అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. మోటోక్రాస్ బండికి సస్పెన్షన్ కదలిక 300 మి.మీ. దాకా ఉంటుంది, స్వింగార్మ్ కదిలేకొద్దీ చైన్ బిగుసుకుంటుంది. అందుకే ఇక్కడ చైన్ ట్రైల్ బండి కంటే వదులుగా, మాన్యువల్ చెప్పిన చోట కొలిచినప్పుడు చెప్పినంత ఉండాలి. చూడటానికి వేలాడినట్టుందని బిగిస్తే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగూ సీలూ పోతాయి.

అడవిలో నెమ్మదిగా తిరిగేటప్పుడు ఫ్యాను లేని మోటోక్రాస్ బండి రేడియేటర్లు పొంగుతాయి. అప్పుడు మూత తెరవకండి. ఇంజిన్ ఆపి చల్లారనిచ్చి, కూలెంట్ నింపి కదలండి. ఇలా తరచూ జరుగుతుంటే ఫ్యాన్ కిట్ వేయించడమే మార్గం.

కొత్త బండి అయితే మొదటి అరగంటకే స్పోక్స్ వదులవుతాయి. ఒకేచోట బిగించుకుంటూ పోకుండా, రిమ్ లాక్ (టైరును రిమ్ మీద జారకుండా పట్టి ఉంచే బిగింపు) దగ్గర మొదలుపెట్టి ప్రతి మూడో స్పోక్‌ను పావు చుట్టు బిగిస్తూ మూడు రౌండ్లు తిరిగితే రిమ్ వంకర పోదు. స్ప్రాకెట్ బోల్టులు, ఫుట్‌పెగ్ బ్రాకెట్లు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు కూడా ఆ రోజే చూసేయండి. పది గంటలు పూర్తయ్యాక శాగ్ మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగు సర్దుకుని, సీళ్లు సాఫీ అయ్యి, అంకె 3 నుంచి 5 మి.మీ. మారి ఉంటుంది. రింగు అంత మేరకు సర్ది, ఆ రోజు సెట్టింగులన్నీ అవర్ మీటర్ అంకెతో కలిపి ఒక కాగితం మీద రాసి టూల్‌బాక్సు మూత లోపల అంటించండి.